పని తెలిసిన ఇంజనీరు మాట నిర్ణయం దాకా చేరాలంటే

1999 సెప్టెంబరు 23న నాసా వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి కక్ష్యలోకి వెళ్లాల్సిన సమయంలో జాడ లేకుండా పోయింది. ఒక బృందం థ్రస్టర్ల (నౌకను నెట్టే చిన్న రాకెట్ల) లెక్కను పౌండ్-సెకన్లలో ఇచ్చింది, అందుకున్న బృందం అవి న్యూటన్-సెకన్లనుకుంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లలో చాలామందికి ఈ కథ ఇంతవరకే తెలుసు. దర్యాప్తులో ఇంకో సంగతి బయటపడింది. నౌక వెళ్తున్న దారి లెక్కకు సరిపోవడం లేదని నావిగేషన్ బృందానికి ముందే అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఈమెయిళ్లలో తిరిగింది. సమస్యను నమోదు చేసి, తేలేదాకా వెంటపడే పద్ధతి ఒకటి ఉన్నా, ఈ అనుమానం అందులోకి ఎక్కలేదు.

తెలిసినవాళ్లు ఉన్నారు. తెలిసింది చేరాల్సిన చోటికి చేరలేదు.

సాఫ్ట్ స్కిల్స్ అనగానే చిరునవ్వు, షేక్‌హ్యాండ్, గడగడా మాట్లాడటం గుర్తొస్తాయి. అవీ ఉంటే మంచిదే. కానీ ఇన్నేళ్లు టీముల్లో పనిచేశాక నాకు అర్థమైంది వేరు. మీకు తెలిసిన విషయం, నిర్ణయం తీసుకునే మనిషికి, టైముకి, అర్థమయ్యే రూపంలో అందించడం ఇంజనీరు పనిలో సగం. పని బాగా వచ్చి కూడా ఒకే చోట ఆగిపోయిన వాళ్లలో ఎక్కువమంది ఈ సగం దగ్గరే ఆగారు. ఇది పుట్టుకతో వచ్చే గుణమేమీ కాదు, డ్రాయింగ్ చదవడం నేర్చుకున్నట్టే నేర్చుకోవచ్చు. నేనైతే ఏ వరసలో మొదలుపెట్టమంటానో కింద రాస్తున్నాను.

1. మీ మాట ఎక్కడ ఆగిపోతోందో ముందు పట్టుకోండి

రెండు వారాలు ఒక చిన్న నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. "ఇది నాకు ముందే తెలుసు" అని మనసులో అనుకున్న ప్రతిసారీ ఒక లైను రాయండి: విషయం ఏంటి, ఎవరికి చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చివరికి ఏమైంది. పది పన్నెండు లైన్లు పోగయ్యేసరికి మీ అలవాటు మీకే కనిపిస్తుంది. కొందరు అసలు నోరు విప్పరు. కొందరు చెప్తారు గానీ అప్పటికి పని చేయి దాటిపోయి ఉంటుంది. కొందరు చెప్పింది అవతలివాళ్లకు బోధపడదు.

నా నోట్‌బుక్‌లో తేలింది ఇంకో రకం. పక్క సీటు మిత్రుడికి అన్నీ చెప్పేవాణ్ణి, అతను అవునంటూ తలూపేవాడు. టీం లీడ్‌కి మాత్రం ఒక్కటీ చేరేది కాదు. నేను మాత్రం చెప్పేశాననే అనుకుంటూ ఉండేవాణ్ణి. ఆ లైన్లన్నీ ఒకచోట చూసుకునేదాకా నాకు ఆ సంగతి తట్టలేదు.

మీ రోగం ఏదో తెలిశాక కింది వాటిలో దానికి పనికొచ్చే ఒక్కదాన్ని తీసుకుని నెల రోజులు చేయండి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు.

2. రాసేటప్పుడు మీరు కోరేది మొదటి లైనులో పెట్టండి

మనం ఏ వరసలో కనుక్కున్నామో అదే వరసలో రాస్తాం. ముందు ఏం చూశాం, తర్వాత ఏం అనుమానించాం, చివరికి ఏం తేలింది. చదివేవాళ్లకు కావలసింది సరిగ్గా తిరగేసిన వరస. ఈ మెయిల్ చూడండి:

"నిన్న టెస్టింగ్‌లో కొన్ని ఎర్రర్లు వచ్చాయి. మొదట నెట్‌వర్క్ సమస్య అనుకున్నాం. లాగ్స్ చూస్తే డేటాబేస్ కనెక్షన్లు నిండిపోతున్నాయని తెలిసింది. ఇంకా చూస్తున్నాం. మీ అభిప్రాయం చెప్పగలరు."

ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ చదివిన మేనేజర్ ఏం చేయాలి? "సరే, చూడండి" అని వదిలేస్తారు. అదే విషయం ఇలా రాయండి:

"గురువారం రిలీజ్‌ను సోమవారానికి జరపమని అడుగుతున్నాను. రేపు సాయంత్రం 4 గంటల్లోగా మీరు సరేనంటే మిగతా టీములకు నేనే చెప్తాను. కారణం: ఒకేసారి 500 మంది లాగిన్ అయితే డేటాబేస్ కనెక్షన్లు నిండిపోయి, కొత్తగా వచ్చేవాళ్లకు పేజీ తెరుచుకోవడం లేదు. గురువారమే వదిలితే మొదటి రోజే కస్టమర్లు ఇందులో ఇరుక్కుంటారు. సరిచేయడానికి 2 రోజులు, మళ్లీ టెస్ట్ చేయడానికి 1 రోజు పడుతుంది. లాగ్స్ జతచేశాను."

రెండో దానిలో ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి, ఎందుకు, ఒప్పుకోకపోతే ఏమవుతుంది అన్నవన్నీ ఉన్నాయి. మేనేజర్ దీన్ని ఉన్నదున్నట్టు తన పైవాళ్లకు పంపొచ్చు. ముఖ్యమైన మెయిల్ రాశాక నేను చూసుకునేది అదొక్కటే: నేను పక్కన లేకుండా ఇది ఇంకో ఇద్దరి చేతులు మారినా అర్థం మారకుండా ఉంటుందా? సబ్జెక్ట్ లైన్‌లో "అప్‌డేట్" అని కాకుండా "రిలీజ్ సోమవారానికి జరపాలి, రేపు 4 లోగా జవాబు కావాలి" అని పెట్టండి.

విషయం పెద్దదైతే టొయోటాలో చేసే పని చేయండి. అక్కడ సమస్య, ఇప్పటి పరిస్థితి, మూల కారణం, చేయబోయే పని, దాన్ని ఎలా సరిచూస్తారు, ఇవన్నీ ఒక్క ఏ3 కాగితం మీద పట్టేలా రాస్తారు. 297 మిల్లీమీటర్లు, 420 మిల్లీమీటర్లు, అంతే జాగా. పట్టలేదంటే కాగితం చాలలేదని కాదు, మనకే ఇంకా విషయం తేటపడలేదని. కుదించే కొద్దీ మీ ఆలోచనలో కంతలు మీకే కనిపిస్తాయి.

అంకెలు చూపించే తీరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1986 జనవరి 27 రాత్రి, నాసా స్పేస్ షటిల్ చాలెంజర్ ప్రయోగానికి ముందు, బూస్టర్ రాకెట్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు ఇంత చలిలో ప్రయోగం వద్దని వాదించారు. చలికి బూస్టర్ జాయింట్లలోని రబ్బరు సీళ్లు బిగుసుకుపోయి అక్కడి సందును వెంటనే మూయలేవన్నది వాళ్ల భయం. ఆ భయాన్ని రోజర్ బోయిస్‌జాలీ అనే ఇంజనీరు అంతకు ఆరు నెలల ముందే, 1985 జూలై 31న రాతపూర్వకంగా పెట్టారు కూడా. వాళ్లు చెప్పింది నిజం. పైవాళ్లు పక్కన పెట్టారు, ఆ తప్పు పక్కన పెట్టినవాళ్లదే. మర్నాడు ఎగిరిన 73 సెకన్లకు చాలెంజర్ ముక్కలైంది, 7 మంది చనిపోయారు.

తర్వాత దర్యాప్తు కమిషన్ ఒక లెక్క బయటికి తీసింది. అంతకుముందు జరిగిన ప్రయోగాల్లో సీళ్లు 66 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 19 డిగ్రీల సెల్సియస్) లేదా అంతకన్నా వెచ్చగా ఉన్నవి 20. వాటిలో 3 సార్లే సీళ్లు దెబ్బతిన్నాయి. అంతకన్నా చల్లగా ఉన్నవి 4. నాలుగింటిలోనూ దెబ్బతిన్నాయి. ఇంత స్పష్టంగా ఉన్న తేడా ఆ రాత్రి ఎవరి కళ్లముందుకూ రాలేదు. ఎందుకంటే చర్చ దెబ్బతిన్న ప్రయోగాల చుట్టూనే తిరిగింది. దెబ్బతినని ప్రయోగాలను పక్కన పెట్టి చూస్తే చలికీ దానికీ సంబంధం కనిపించదు.

ఆ ఇంజనీర్ల స్థానంలో ఉండి, గంటల వ్యవధిలో, అంత ఒత్తిడిలో ఆ పట్టిక గీయడం ఎంత కష్టమో ఊహించగలను. అందుకే ఇది ఒత్తిడి లేని రోజుల్లోనే అలవాటు చేసుకోవాలంటాను. ఏదైనా పాడైందని చూపించేటప్పుడు పాడైనవాటి పక్కనే పాడవనివాటిని కూడా పెట్టండి. సర్వర్ పడిపోయిన రోజులతో పాటు పడిపోని రోజుల ట్రాఫిక్ కూడా. పగుళ్లొచ్చిన శాంపిళ్లతో పాటు రాని శాంపిళ్ల ఉష్ణోగ్రత కూడా.

3. ఆలస్యం అవుతుందని తెలిసిన రోజే చెప్పండి

"ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే మన నోట వచ్చే మాట "దాదాపు అయిపోయింది". వారం తర్వాత అడిగినా అదే మాట. చెప్పేవాడికి మోసం చేసే ఉద్దేశం ఉండదు, మొహమాటం ఉంటుంది. ఇవాళ రాత్రి కూర్చుంటే అయిపోతుందేమోనన్న ఆశ కూడా ఉంటుంది. కానీ మీ ఆశ మీద ఇంకో నలుగురు తమ పని వేసుకుని ఉంటారు.

ఇలా చేయండి. పని మొదలుపెట్టిన రోజే "ఏ రోజుకి ఏది కాకపోతే నేను నోరు విప్పాలి" అని ఒక తేదీ రాసి పెట్టుకోండి. పది రోజుల పనైతే నాలుగో రోజు. ఆ రోజుకి అనుకున్నది కాలేదంటే, కారణం తెలిసినా తెలియకపోయినా, ఆ పూటే చెప్పండి. చెప్పేటప్పుడు క్షమాపణతో కాకుండా విషయంతో మొదలుపెట్టండి: "సార్, శుక్రవారానికి ఇస్తానన్నది బుధవారానికి గానీ రాదు. వెండర్ ఇచ్చిన కొలతలు డ్రాయింగ్‌తో కలవట్లేదు. శుక్రవారానికి ఏదో ఒకటి కావాలంటే మొదటి భాగం వరకు ఇవ్వగలను. ఏది చేయమంటారు?"

చివరి ప్రశ్న మర్చిపోకండి. చెడు వార్త ఒక్కటే తెచ్చిన మనిషికీ, చెడు వార్తతో పాటు రెండు దారులు తెచ్చిన మనిషికీ అవతలివాళ్లు ఇచ్చే విలువలో చాలా తేడా ఉంటుంది.

ఎస్టిమేట్ అడిగినప్పుడు కూడా ఒకే అంకె చెప్పకండి. "అన్నీ సవ్యంగా ఉంటే 6 రోజులు. పాత కోడ్‌లో ఏదైనా బయటపడితే 10. ఏదన్నది రెండు రోజులు చూశాక చెప్పగలను." ఇలా చెప్తే తప్పించుకుంటున్నారని అనుకుంటారేమోనని మొదట్లో భయం వేస్తుంది. ఆ మూడో రోజు మీరే వెళ్లి ఏదన్నది చెప్పడం మొదలుపెడితే ఎవరూ అలా అనుకోరు.

4. విన్నది తిరిగి చెప్పండి, అనుకున్నది రాసి పెట్టండి

పైలట్లు కంట్రోల్ టవర్ నుంచి వచ్చిన అనుమతిని అలాగే తిరిగి చెప్తారు. తప్పు విన్నారేమో అప్పుడే తేలిపోతుంది. మన పనిలోనూ ఇదే చేయొచ్చు: "నాకు అర్థమైంది చెప్తాను, తప్పైతే ఆపండి. మొదట రిపోర్ట్ పేజీ, స్క్రీన్ రంగుల సంగతి తర్వాత. అంతేనా?" ఇలా అడిగితే తెలివితక్కువవాడినని అనుకుంటారేమోనని జంకేవాళ్లు నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ జంకాను. తప్పుగా అర్థం చేసుకుని మూడు వారాలు కట్టిన దాన్ని పీకేయాల్సి వచ్చాక ఆ జంకు పోయింది.

నోటిమాటగా జరిగిన నిర్ణయాలు ఇంకా ప్రమాదం. 1981 జూలై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ లోపల వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి దిగిన ఒకే రాడ్ రెండు వంతెనల గుండా వెళ్లాలి. తయారీ సౌలభ్యం కోసం దాన్ని రెండు రాడ్లుగా చేశారు. పై వంతెన పైకప్పుకు, కింది వంతెన పై వంతెనకు వేలాడింది. దాంతో పై వంతెన జాయింటు మీద బరువు రెట్టింపైంది. ఈ మార్పు గురించి ఫోన్‌లో అడిగి ఒప్పుకోలు తీసుకున్నామని తయారీదారు అన్నారు. అలాంటి ఫోనే రాలేదని ఇంజనీరు అన్నారు. మారిన డ్రాయింగుల మీద మాత్రం ఆమోద ముద్ర పడిపోయింది, ఆ జాయింటు లెక్క ఎవరూ మళ్లీ కట్టలేదు.

కాబట్టి ఫోన్ పెట్టేసిన వెంటనే, మీటింగ్ గదిలోంచి బయటికొచ్చిన వెంటనే, నాలుగు లైన్లు రాసి అందరికీ పంపండి: ఏం అనుకున్నాం, ఎందుకు, ఎవరు చేస్తారు, ఎప్పటికి. "ఇందులో తప్పుంటే రేపటిలోగా చెప్పండి" అని చివర్లో పెట్టండి. మినిట్స్ రాయడం జూనియర్ల పని అనుకుంటారు గానీ, రాసేవాళ్ల చేతిలోనే మీటింగ్ అర్థం ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు టీంలో తొందరగా గుర్తింపు తెచ్చుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి నాకు తెలియదు.

ఆఫీసులో మాట్లాడే భాష మీ అమ్మభాష కాకపోతే రాత మీకు ఇంకో రకంగా మేలు చేస్తుంది. చెప్పదలచుకున్న రెండు వాక్యాలు ముందే కాగితం మీద పెట్టుకుని మీటింగ్‌కి వెళ్లండి, మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయండి. ఆలస్యం చేసే కొద్దీ గుండె దడ పెరుగుతుంది, ఈలోగా వేరేవాళ్లు టాపిక్ మార్చేస్తారు. యాస గురించి బెంగ పెట్టుకోకండి. చిన్న వాక్యాలు, నిదానమైన మాట ఉంటే చాలు.

5. విభేదించేటప్పుడు ముందు అవతలి వాదన మీరే చెప్పండి

1969లో అర్పానెట్ (ఇంటర్నెట్‌కు ముందు వచ్చిన అమెరికా కంప్యూటర్ నెట్‌వర్క్) కోసం పనిచేస్తున్న కొందరు విద్యార్థులకు ఒక ఇబ్బంది వచ్చింది. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో రాయాలి. నియమాలు పెట్టే అధికారం తమకు ఉందో లేదో తెలియదు. స్టీవ్ క్రాకర్ అనే విద్యార్థి ఆ నోట్లకు "అభిప్రాయాలు చెప్పమని వినతి" అనే అర్థం వచ్చేలా రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్ (ఆర్‌ఎఫ్‌సీ) అని పేరు పెట్టారు. మొదటిది 1969 ఏప్రిల్ 7న వచ్చింది. ఆర్‌ఎఫ్‌సీలుగా పిలిచే ఆ పత్రాలు ఇప్పుడు 9 వేలు దాటాయి. ఇంటర్నెట్ నడిచే నియమాల్లో చాలావరకు అందులోనే ఉన్నాయి. "ఇదే సరైనది" అనకుండా "మీరేమంటారు" అని అడిగిన పత్రం అంత దూరం వెళ్లింది.

మీ డిజైన్ ప్రతిపాదన కూడా అలాగే పెట్టండి: "నా ఆలోచన ఇది, ఇందులో నాకు నమ్మకం లేని చోట్లు ఇవి." బలహీనతలు మీరే చూపిస్తే అవతలివాళ్లు దాడికి దిగరు, సాయానికి వస్తారు.

ఇతరుల ప్రతిపాదనతో విభేదిస్తే ముందు వాళ్ల వాదనను మీ నోటితో చెప్పండి. "అవును, నేను అన్నది అదే" అని వాళ్లు అనేదాకా మీది మొదలుపెట్టకండి. తర్వాత "ఇది తప్పు" అనకుండా, ఏ పరిస్థితిలో ఇది పనిచేయదని మీ భయమో చెప్పండి. కోడ్ రివ్యూలోనైనా డ్రాయింగ్ రివ్యూలోనైనా ప్రతి వ్యాఖ్య పక్కన అది తప్పక మార్చాల్సినదో, మీ అభిరుచి మాత్రమేనో రాయండి. ఇరవై వ్యాఖ్యల్లో ఏ రెండు ముఖ్యమో తెలియక జూనియర్లు రాత్రిళ్లు కూర్చోవడం చూశాను. రెండు మాటలు అదనంగా రాస్తే ఆ కష్టం ఉండదు.

మీ మాట నెగ్గలేదనుకోండి. అది ఇష్టాయిష్టాల సంగతైతే మనస్ఫూర్తిగా ఒప్పుకుని ఆ పనికి మీ శక్తంతా పెట్టండి, "నేను చెప్పాను కదా" అనే మాట ఎప్పటికీ నోట రానివ్వకండి. మనుషుల ప్రాణాలకు సంబంధించినదైతే మాత్రం ఒప్పుకోవద్దు. రాతపూర్వకంగా పెట్టండి, జవాబు కూడా రాతపూర్వకంగా అడగండి, లేకపోతే ఇంకో మెట్టు పైకి వెళ్లండి. అక్కడ మర్యాద పేరుతో ఊరుకోవడం మర్యాద కాదు.

6. తప్పు మీదైతే

ఎవరూ కనిపెట్టకముందే చెప్పండి. ఏం జరిగింది, ఎవరికి ఎంత నష్టం, ఇప్పుడు ఏం ఆపాలి. కారణాలు తర్వాత. సంజాయిషీ ఒక్క వాక్యం మించనివ్వకండి. అంతా సద్దుమణిగాక, ఇంకెవరైనా అదే తప్పు చేయకుండా ఏ చెక్ పెట్టాలో రాసి ఇవ్వండి. వేరేవాళ్లు తప్పు చేస్తే కూడా "ఎవరు?" అని కాకుండా "ఇది ఎలా దాటిపోయింది?" అని అడగండి. అలా అడిగే మనిషికే తర్వాతి తప్పు గురించి ముందుగా తెలుస్తుంది.

7. ప్రమోషన్ గురించి అప్రైజల్‌కి ఆరు నెలల ముందే మాట్లాడండి

ప్రమోషన్ నిర్ణయం జరిగే గదిలో మీరు ఉండరు. మీ మేనేజర్ ఉంటారు, మీ పేరు ఎప్పుడూ వినని మరో నలుగురు ఉంటారు. "మంచి కుర్రాడు, బాగా కష్టపడతాడు" అంటే వాళ్లు ఒప్పుకోరు. మీ తరఫున మాట్లాడటానికి మేనేజర్ చేతికి సరుకు ఇవ్వాల్సింది మీరే.

వారానికి ఒకసారి 15 నిమిషాలు పక్కన పెట్టి చేసిన పని రాసుకోండి. "మాడ్యూల్ పూర్తి చేశాను" అని కాదు. ఏ సమస్య ఉండేది, మీరేం చేశారు, దానివల్ల ఏం మారింది, ఆ మార్పు ఎవరు చూశారు. ఏడాది చివర్లో గుర్తు చేసుకుందామంటే ఆఖరి రెండు నెలలే గుర్తొస్తాయి.

తర్వాత మేనేజర్‌ని విడిగా కలిసి సూటిగా అడగండి: "పై స్థాయిలో ఉన్నవాళ్లు చేస్తున్నది, నేను చేయనిది ఏంటో చెప్తారా?" జవాబు చప్పగా ఉంటే ఒక ఉదాహరణ అడగండి. చెప్పిన దాన్ని రాసుకుని, ఆ రోజే మెయిల్‌లో తిరిగి పంపండి. చాలాసార్లు ఆ జవాబులో కోడ్ గురించో డిజైన్ గురించో ఉండదు. ఇంకొకరికి పని నేర్పడం, రెండు టీముల మధ్య తగువు తీర్చడం, ఎవరూ పట్టించుకోని పనిని నెత్తిన వేసుకోవడం లాంటివి ఉంటాయి. అందులో ఒకటి ఎంచుకుని, ఎవరూ పిలవకముందే మొదలుపెట్టండి. జూనియర్‌కి నేర్పడం మంచి మొదలు. మీరు లేని రోజు కూడా ఆ పని నడుస్తుందంటే మీరు పై పనికి ఖాళీ అయినట్టే కదా.

మూడు నెలలకోసారి మేనేజర్‌కి ఒక చిన్న మెయిల్ పంపండి. ఇలా ఉంటే సరిపోతుంది:

"సార్, జనవరిలో మీరు రెండు విషయాలు చెప్పారు. ఒకటి, కొత్తవాళ్లకు నేర్పడం: ఇద్దరూ ఇప్పుడు రిలీజ్ సొంతంగా చేస్తున్నారు, గత రెండుసార్లు నేను చూడాల్సిన అవసరం రాలేదు. రెండు, టెస్టింగ్ టీంతో సమన్వయం: వారానికి ఒకసారి కలుస్తున్నాం, వాళ్ల నుంచి వెనక్కి వచ్చే పనులు తగ్గాయి, లెక్క జతచేశాను. ఈ రెండింటిలో ఇంకా లోటు కనిపిస్తే వచ్చే వారం పదిహేను నిమిషాలు మాట్లాడదాం. మంగళవారం 11 గంటలకు కుదురుతుందా?"